తమ్ముడు దుబాయ్ వెళ్తున్నాడు, ఇక్కడి ప్రీపెయిడ్ నెంబర్‌ని ఏం చేయాలి?

పర్లాకిమిడి చెల్లెమ్మకు నమస్తే. మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తమ్ముడు వెల్డర్‌గా రెండేళ్ల కాంట్రాక్టు మీద వచ్చే నెల దుబాయ్ వెళ్తున్నాడు. చేతిలో ఉన్నది ఒడిశా సర్కిల్ ప్రీపెయిడ్ సిమ్. బ్యాంకు, ఆధార్, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆ నెంబర్ మీదే ఉన్నాయి. షాపాయన ఇక్కడే ఇంటర్నేషనల్ సిమ్ కొనుక్కెళ్లమంటున్నాడు. ఏజెంటేమో ఈ సిమ్ ఇక దండగ, అక్కడ దిగాక కొత్తది తీసుకుంటే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినొద్దు. నేను 2006 నుంచి పదకొండేళ్లు గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేశాను. మొదట అబుదాబి, తర్వాత దోహా. తిరిగొచ్చాక ఒడిశాలోని బ్రహ్మపురంలో మొబైల్ షాపు పెట్టుకున్నాను. ఇటు గంజాం, గజపతి జిల్లాల నుంచి, అటు ఇచ్ఛాపురం, సోంపేటల నుంచి పైదేశం పోయే కుర్రాళ్లు చాలామంది ఫోను చూపించి, సిమ్ సంగతి అడిగి వెళ్తుంటారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. మాట్లాడుకోడానికి అక్కడి సిమ్, సంతకానికి, అంటే బ్యాంకు ఓటీపీల్లాంటి వాటికి, ఇక్కడి సిమ్. దేని పని దానిది. ఇక్కడి నెంబర్‌తో అక్కడి నుంచి కబుర్లు చెప్పాలనుకుంటే డబ్బులు పోతాయి. ఇక్కడి నెంబర్‌ని వదిలేస్తే అంతకంటే పెద్దదే పోతుంది.

అది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. దోహా వెళ్లేటప్పుడు నా ఒడిశా సిమ్ తీసి, కాగితంలో చుట్టి, ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టి వెళ్లాను. రీచార్జ్ చేయమని ఎవరికీ చెప్పలేదు. 2015లో మా నాన్నగారిని గుండె నొప్పితో ఆస్పత్రిలో చేర్చారు. వెంటనే డబ్బు కట్టమన్నారు. నా ఖాతాలో డబ్బుంది. క్యాంపులో ఒకాయన ల్యాప్‌టాప్‌లో నెట్ బ్యాంకింగ్ తెరిచాను, అంకెలన్నీ కొట్టాను, ఓటీపీ దగ్గర ఆగిపోయింది. ఆ ఓటీపీ నా పాత నెంబర్‌కి పోతుంది. తమ్ముడు పెట్టె తెరిచి సిమ్ ఫోన్‌లో వేస్తే నెట్‌వర్క్ లేదు. నా నెంబర్‌కి నేనే ఫోన్ చేశాను. రింగైంది. ఎవరో పెద్దాయన ఎత్తి ఒడియాలో, ఎవరు మాట్లాడుతున్నారని, "కిఏ కహుచంతి?" అన్నారు. సంబల్‌పుర్ వైపు ఆయనట, ఆ నెంబర్ కొత్తగా కొనుక్కున్నారు. మెసేజ్‌లో వచ్చిన అంకెలు చదవమని బతిమాలాను. ఆయన మోసగాడనుకుని పెట్టేశారు. ఆయన తప్పేమీ లేదు, ఆ చోట నేనున్నా అంతే చేస్తాను. చివరికి స్నేహితుల దగ్గర అప్పు చేసి మనీ ఎక్స్ఛేంజ్ నుంచి మా బావమరిది ఖాతాకి పంపేసరికి రెండు రోజులు పట్టింది. నాన్నగారు దక్కారు. ఆ రెండు రోజుల టెన్షన్ మాత్రం ఎవరికీ రాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నా నెంబర్ ఎందుకు పోయిందంటే, ప్రీపెయిడ్ నెంబర్ 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని తీసేయొచ్చు. 2013లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నియమం ప్రకారం బ్యాలెన్స్‌లో 20 రూపాయలు ఉంటే అవి కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. అలా బ్యాలెన్స్ ఉన్నంతకాలం నడుస్తుంది. తీసేశాక కూడా 15 రోజుల గడువులో వెళ్లి అడిగితే తిరిగిస్తారు. ఆ తర్వాత నెంబర్ మనది కాదు. కనీసం మరో 90 రోజులు ఖాళీగా ఉంచి ఇంకొకరికి ఇస్తారని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకే చెప్పింది. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. బ్యాంకు మెసేజ్‌లు వస్తున్నాయి కదా, సిమ్ వాడుతున్నట్టే కదా అనుకుంటారు. వచ్చే మెసేజ్ వాడకం లెక్కలోకి రాదు. కాల్ వెళ్లాలి లేదా రావాలి, లేదా మెసేజ్ మనం పంపాలి, లేదా డేటా వాడాలి.

అసలు ఆ 90 రోజుల దాకా పోనివ్వకూడదు. ప్యాక్ వ్యాలిడిటీ అయిపోయాక ముందు బయటికి వెళ్లే కాల్స్ ఆగుతాయి, కొన్నాళ్లకి వచ్చేవీ ఆగుతాయి. కాబట్టి తమ్ముడు బయల్దేరే వారంలోనే పొడుగు వ్యాలిడిటీ ప్యాక్ వేయించండి. 2024 డిసెంబరు 23న ట్రాయ్ మంచి మార్పు తెచ్చింది. అంతకుముందు ఈ రకం ప్రత్యేక వోచర్లకి వ్యాలిడిటీ 90 రోజులు దాటకూడదు, దాన్ని 365 రోజులకి పెంచారు. డేటా లేకుండా ఒట్టి కాల్స్, మెసేజ్‌ల ప్యాక్ విడిగా అమ్మాలని కంపెనీలకి చెప్పారు. మీ తమ్ముడికి కావాల్సింది అదే. రోజుకి రెండు జీబీ ఇక్కడి డేటా దుబాయ్‌లో పనికిరాదు, దానికి డబ్బు పెట్టొద్దు. షాపులో అడిగితే ఆ ప్యాక్ పేరు ముందు చెప్పరు, "వాయిస్ ఓన్లీ, ఏడాది వ్యాలిడిటీ" అని మీరే అడగండి. ఏడాది తిరిగాక మీరే పర్లాకిమిడిలో కూర్చుని మళ్లీ రీచార్జ్ చేయొచ్చు. దానికి నెంబర్ తెలిస్తే చాలు, సిమ్ మీ దగ్గర ఉండక్కర్లేదు. ఆ తేదీని గోడ క్యాలెండర్‌లో పెన్నుతో రాసి పెట్టండి.

ఇప్పుడు రోమింగ్ సంగతి. మన సరిహద్దు వాళ్లకి ఇది కొత్త మాట కాదు. పాత రోజుల్లో బ్రహ్మపురంలో బస్సెక్కి గట్టిగా పాతిక కిలోమీటర్లు పోయి ఇచ్ఛాపురంలో దిగితే ఒడిశా సిమ్ ఆంధ్రా టవర్ పట్టుకునేది. అప్పుడు ఫోన్ ఎత్తినా డబ్బు కోసేవారు. పెళ్లి మాటలు మాట్లాడుతుంటే బ్యాలెన్స్ అయిపోయి మధ్యలో కట్ అయిన ఇళ్లెన్నో. బీఎస్‌ఎన్‌ఎల్ 2015 జూన్‌లో రోమింగ్‌లో వచ్చే కాల్స్ ఉచితం చేసింది. 2016లో జియో వచ్చాక, 2017 ఏప్రిల్ నుంచి ఎయిర్‌టెల్ కూడా దేశం లోపల రోమింగ్ ఎత్తేశాక ఆ బాధ పోయింది. పైదేశంలో మాత్రం ఇప్పటికీ పాత ఇచ్ఛాపురం లెక్కే నడుస్తుంది, రేటు మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక్కడి సిమ్‌కి అక్కడ కాల్ వచ్చి ఎత్తితే మన బ్యాలెన్సే పోతుంది. ఎత్తకుండా వదిలేస్తే పోదు. వచ్చే మెసేజ్‌కి మన కంపెనీలు డబ్బు తీసుకోవు. మనకి కావాల్సిన ఓటీపీ ఉచితంగానే వస్తుందన్నమాట.

అది రావాలంటే ఆ సిమ్ అక్కడి టవర్‌ని పట్టుకోవాలి. అందుకే ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీసు ఇక్కడ ఉండగానే ఆన్ చేయించండి. కంపెనీ యాప్‌లో ఉంటుంది, లేదా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలి. చిన్న రోమింగ్ ప్యాక్ ఒకటి వేస్తే గానీ ఆన్ కాని సిమ్‌లూ ఉన్నాయి. అలాగైతే తక్కువ రోజుల ప్యాక్ ఒక్కటి వేయండి. దిగిన మొదటి రెండు మూడు రోజులు, అక్కడి సిమ్ చేతికొచ్చేదాకా, "చేరాను" అని చెప్పుకోడానికి కూడా పనికొస్తుంది. ప్యాక్ కొనేముందు అది యూఏఈకి వర్తిస్తుందా, వ్యాలిడిటీ కొన్న రోజు నుంచా లేక అక్కడి నెట్‌వర్క్ పట్టిన క్షణం నుంచా అన్నది చదవండి.

తర్వాత ఫోన్ సెట్టింగ్స్. ఇది తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఇక్కడి సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. రెండు సిమ్‌ల ఫోన్‌లలో ఒకదానికి సిగ్నల్ తగ్గితే రెండోదాని డేటాకి దానంతటదే మారే సదుపాయం ఉంటుంది, అదీ ఆఫ్ చేయాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మర్చిపోతారు. కాల్ ఫార్వర్డింగ్ మొత్తం తీసేయండి. బిజీగా ఉంటేనో, అందుబాటులో లేకపోతేనో వేరే నెంబర్‌కి మళ్లించమని ఎప్పుడో పెట్టి ఉంటే, పైదేశంలో ఆ మళ్లింపుకి కూడా రోమింగ్ ఛార్జీ పడుతుంది. విమానం ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టి, దిగాకే తీయమనండి. కొన్ని విమానాల్లో, ఓడల్లో సొంత టవర్లుంటాయి, ఫోన్ వాటిని పట్టుకుంటే రేటు ఇంకా దారుణం. ప్రీపెయిడ్‌కి ఉన్న గొప్ప రక్షణ ఏంటంటే, ఎంత తప్పు జరిగినా వేసుకున్న బ్యాలెన్స్ వరకే పోతుంది. పోస్ట్‌పెయిడ్ బిల్లు చేతికొచ్చాక ఇంటిల్లిపాదీ తల పట్టుకున్న సందర్భాలు చూశాను. అందుకే షాపులో ఎవరైనా "పోస్ట్‌పెయిడ్‌కి మార్చేయండి, సులువు" అంటే వద్దనండి.

ఇంకో పని ఉంది. ఎవరూ చేయరు, చేస్తే ఎంతో మేలు. ఫోన్‌లో ఉన్న పది అంకెల నెంబర్లన్నిటి ముందు +91 చేర్చండి. అక్కడి సిమ్ నుంచి మన పది అంకెలు కొడితే కాల్ కలవదు. నేను అబుదాబిలో దిగిన రాత్రి అమ్మకి ఫోన్ చేద్దామని పదిసార్లు అదే నెంబర్ కొట్టాను. పక్క మంచం మీది మలయాళీ అన్న చూసి ముందు +91 పెట్టి ఇచ్చాడు. బ్యాంకు వాళ్ల 1800 టోల్‌ఫ్రీ నెంబర్లు కూడా బయటి దేశం నుంచి సాధారణంగా కలవవు. బ్యాంకు వెబ్‌సైట్లో విదేశాల నుంచి చేయడానికి వేరే నెంబర్ ఉంటుంది, దాన్ని ముందే రాసుకోవాలి.

సిమ్‌ని ఈసిమ్‌గా మార్చుకోవాలా అని కూడా ఇంకొకరు అడిగారు. ఈసిమ్ అంటే ఫోన్ లోపలే ఉండే, బయటికి తీయలేని సిమ్. వారం పది రోజులు తిరిగొచ్చే వాళ్లకి ఈసిమ్ హాయి. సైట్ పనికి వెళ్లే కుర్రాడికి నేను వద్దంటాను. వెల్డింగ్ చోట ఫోన్ పడుతుంది, పగులుతుంది. మామూలు సిమ్ అయితే తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటాడు. ఈసిమ్ అయితే మళ్లీ కంపెనీతో మొదలుపెట్టాలి, దానికి అదే నెంబర్‌కి ఓటీపీ అంటారు. అలాగే ఇక్కడి సిమ్ అక్కడ పోగొట్టుకుంటే డూప్లికేట్ కోసం మనిషి ఇక్కడికి రావాలి, ఆధార్ మీద వేలిముద్ర పెట్టాలి. అంటే సెలవుకి వచ్చేదాకా ఆగాల్సిందే. కాబట్టి ఫోన్‌లోంచి తీసి పర్సులో పెట్టుకుని తిరగొద్దు.

సిమ్ ఇంట్లో ఉంచుకుని, ఓటీపీ వస్తే మీరు చదివి చెప్తే పోలేదా అంటారేమో. చాలా ఇళ్లలో అలాగే చేస్తున్నారు, నాకు తెలుసు. నాకు మాత్రం ఇష్టం లేదు. ఓటీపీని ఫోన్‌లో చదివి చెప్పడం ఇంట్లో అలవాటైపోతే, రేపు ఎవరో బ్యాంకు నుంచి అని అడిగినా అమ్మ అలాగే చదివేస్తుంది. ఇంకో కారణం, 2025 నవంబరులో టెలికాం శాఖ వాట్సాప్ లాంటి యాప్‌లు రిజిస్టర్ చేసిన సిమ్ ఆ ఫోన్‌లో ఉంటేనే నడవాలని కంపెనీలని ఆదేశించింది. సిమ్ యజమాని ఫోన్‌లో ఉండడమే అన్ని విధాలా మంచిది.

అక్కడికి చేరాక సిమ్ తీసుకోవడం కష్టమేమీ కాదు. యూఏఈలో ఎతిసలాత్, డూ పెద్ద కంపెనీలు. ఎతిసలాత్ గ్రూపు 2022లో పేరు ఈ-అండ్ అని మార్చుకుంది గానీ మనవాళ్లు పాత పేరే అంటారు. ఐడీ చేతికొచ్చేదాకా పాస్‌పోర్టు, వీసా చూపించి తీసుకోవచ్చు. ఎమిరేట్స్ ఐడీ, అంటే మనవాళ్లు బతాకా అనేది, వచ్చిన వెంటనే దాన్ని ఆ నెంబర్‌కి ఎక్కించుకోవాలి. ఐడీ రెన్యూ అయినప్పుడల్లా మళ్లీ చూసుకోవాలి, లేకపోతే లైన్ ఆగిపోతుంది. సౌదీలో అయితే వేలిముద్ర కూడా అడుగుతారు.

క్యాంపులో దిగగానే ఎవరో ఒకరు "నా పేరు మీద ఇంకో సిమ్ ఉంది, వాడుకో" అంటారు. మంచి మనసుతోనే అంటారు. తీసుకోవద్దు. ఆయన ఉద్యోగం మారి వెళ్లిపోతే ఆ సిమ్ పోతుంది, దానితో తెరిచిన యాప్‌లన్నీ పోతాయి. అలాగే తమ్ముడు తన బతాకా మీద ఇంకొకరికి సిమ్ తీసి ఇవ్వకూడదు. దానితో వాళ్లు చేసే ప్రతి పనికీ జవాబు చెప్పాల్సింది ఇతనే. సిమ్ ఊడదీశాక మిగిలే కార్డు ముక్క పారేయకుండా పెట్టెలో దాచమనండి. దాని మీద పీయూకే అంకెలుంటాయి. సిమ్‌కి లాక్ పెట్టుకుని పిన్ మూడుసార్లు తప్పు కొడితే ఆ అంకెలే దిక్కు. అవీ పదిసార్లు తప్పు కొడితే సిమ్ శాశ్వతంగా చచ్చిపోతుంది.

వాట్సాప్ నెంబర్ మార్చొద్దు, ఇక్కడి నెంబర్ మీదే ఉంచండి. అక్కడి డేటాతో అదే నడుస్తుంది. ఒక్కటి ముందే మనసులో పెట్టుకోండి, యూఏఈలో వాట్సాప్ కాల్స్, వీడియో కాల్స్ కలవవు. మెసేజ్‌లు, ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు వెళ్తాయి. మొదటి రోజు ఫోన్ రాకపోతే కంగారుపడొద్దని అమ్మకి చెప్పి ఉంచండి. అక్కడి ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ లాంటి యాప్‌లున్నాయి, మీ ఫోన్‌లో కూడా ముందే వేసుకోండి. వాట్సాప్ కాల్స్ కలవడానికి క్యాంపులో వీపీఎన్, అంటే ఫోన్ ఇంటర్నెట్ చిరునామా (ఐపీ అడ్రస్) దాచే యాప్, పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అక్కడి 2021 సైబర్ నేరాల చట్టంలో ఐపీ అడ్రస్ దాచి నేరం చేస్తే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా రాసి ఉంది. ఏది నేరం కిందికొస్తుంది, ఏది రాదు అన్నది జీతం కోసం వెళ్లిన కుర్రాడు పరీక్షించి చూడాల్సిన విషయం కాదు.

బ్యాంకు పని బయల్దేరే ముందే చేసుకోండి. ఉద్యోగానికి పైదేశం వెళ్లాక మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా, అంటే పైదేశంలో ఉండేవాళ్లు ఇక్కడి డబ్బుకి వాడే ఖాతాగా మార్చుకోవాలి, అక్కడి జీతం పంపడానికి ఎన్‌ఆర్‌ఈ అనే ఖాతా విడిగా తెరుచుకోవాలి. 2023 జనవరిలో పది దేశాల ఫోన్ నెంబర్లతో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల మీద యూపీఐ వాడుకోవచ్చని అనుమతిచ్చారు. అందులో యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్, సింగపూర్ ఉన్నాయి. కువైట్, బహ్రెయిన్ ఆ జాబితాలో లేవు, అక్కడికి వెళ్లేవాళ్లు గమనించాలి. అక్కడి నెంబర్ బ్యాంకులో ఎక్కించుకుంటే ఇక్కడి సిమ్ మీద భారం సగం తగ్గుతుంది. ఆధార్‌కి మాత్రం విదేశీ నెంబర్ కుదరదు. అందుకే ఎంత చేసినా ఇక్కడి నెంబర్‌ని వదలొద్దనేది.

షాపాయన చెప్పిన ఇంటర్నేషనల్ సిమ్ గురించి. అది పదిహేను రోజుల టూరుకి వెళ్లే పెద్దవాళ్లకి సరే, రెండేళ్ల వాడికి దండగ. వాళ్లకైనా నేనైతే ఇక్కడి సిమ్‌కే రోమింగ్ ప్యాక్ వేసిస్తాను, సిమ్ మార్చే పని లేకుండా. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల విషయంలో జాగ్రత్త. మన దేశంలో అమ్మడానికి టెలికాం శాఖ అనుమతి కావాలి, అది లేదని 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై అనే రెండు ఈసిమ్ కంపెనీలనీ ఇక్కడ బ్లాక్ చేయించారు. సింగపూర్ వెళ్లేవాళ్లకి ఒక మాట. అక్కడ 2017లో 2జీ, 2024లో 3జీ మూసేశారు. పాత బటన్ ఫోన్‌తో దిగితే ఏ సిమ్ వేసినా పలకదు.

ఇక ఏజెంటు. "ఈ సిమ్ దండగ" అన్నాడని రాశారు. సరిగ్గా గుర్తు చేసుకోండి, "నాకిచ్చేయ్" అని కూడా అన్నాడా? లేక తమ్ముడి పేరు మీద కొత్త సిమ్‌లు నాలుగైదు తీసుకురమ్మన్నాడా? అలా అడిగితే ఆ ప్రయాణమే ఆపి, ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా కేసు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని మన వైపు కుర్రాళ్లని తీసుకెళ్లి, సైబర్ మోసాలు చేయించారు. ఆ మోసాలకి కావాల్సినవి ఇక్కడి మనుషుల పేరు మీదున్న నెంబర్లే. 2023 టెలికాం చట్టంలో మోసంతో సిమ్ సంపాదిస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో తమ్ముడి నెంబర్ కొట్టి, అతని పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో ఈ రోజే చూడండి. మనిషికి తొమ్మిదికి మించి ఉండకూడదు. తెలియని నెంబర్ కనిపిస్తే "ఇది నాది కాదు" అని అక్కడే నొక్కొచ్చు.

ఒక చిన్న కాగితం మీద మీ నెంబర్ +91తో, బ్యాంకు నెంబర్, దుబాయ్‌లో మన కాన్సులేట్ నడిపే ప్రవాసీ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ 800 46342 రాసి పాస్‌పోర్టు కవర్‌లో పెట్టండి. ఫోన్ పోయినా కాగితం ఉంటుంది. తమ్ముడు దిగి రూముకి చేరాక మీరు అతని ఇక్కడి నెంబర్‌కి ఒక మెసేజ్ పెట్టండి. అందితే, బ్యాంకు యాప్‌లో ఒక ఓటీపీ తెప్పించి చూడమనండి. రాకపోతే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చి, ఆ సిమ్‌ని రెండో కంపెనీ టవర్ మీద పెట్టి చూడాలి. అప్పటికీ రాకపోతే ఏ కంపెనీ సిమ్, ఏ ఫోన్ మోడల్ అన్నది ఇక్కడ రాయండి, సాయంత్రం షాపు కట్టేలోపు చూసి చెప్తాను.